గురక కాదు

దర్జీ ఇంట్లో కుక్కని అందరూ గురకయ్య అనేవారు. చప్పిడి ముక్కు, ముడతల నుదురు. కూర్చున్నా పడుకున్నా గుర్రుమంటూనే ఉండేది. చుట్టాలొస్తే దర్జీ ఫోనులో రికార్డు చేసుకున్న ఆ గురకని వినిపించి మరీ నవ్వించేవాడు.

ఎండ చుర్రుమంటున్న ఒక మధ్యాహ్నం, గుండీలు తెచ్చిచ్చి వెళ్తున్న మనిషి వెనకాలే గురకయ్య మూడంతస్తులు దిగి, మళ్లీ ఎక్కి వచ్చింది. వస్తూనే గడపలో కూలబడింది. గొంతులోంచి ఈల లాంటి చప్పుడు. నాలుక నీలంగా మారింది.

"ఏమండీ, దీనికి ఊపిరాడట్లేదు!" అని భార్య కేక పెట్టింది.

దర్జీ మిషను ముందు నుంచి లేచి, చేతికందిన అస్తరు గుడ్డ తడిపి దాని పొట్టకి చుట్టాడు. ఎదురింటాయన కారు తీశాడు. దారి పొడవునా భార్య ఏడుస్తూ విసురుతూనే ఉంది. దర్జీ మాత్రం దాని డొక్కలు ఎగసిపడటమే చూస్తూ కూర్చున్నాడు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టింది. అరగంటకి నాలుక రంగు తేరుకుంది.

"ఎప్పట్నించి ఇలా చప్పుడు చేస్తోంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"చిన్నప్పట్నించీనండి. గురక," అన్నాడు దర్జీ.

"గురక కాదండీ అది. ముక్కు రంధ్రాలు మరీ సన్నం. అంగిటి వెనక కండ పొడుగై గాలికి అడ్డం పడుతోంది. ఇన్నాళ్లూ ఒక్కో ఊపిరీ కష్టపడి లాక్కుంటోంది. ఆపరేషన్ చెయ్యాలి. మళ్లీ ఇలా అయితే ఇక్కడిదాకా తేలేరు."



"మత్తిస్తే లేస్తుందాండీ?" అంది భార్య.

"చాలావరకు లేస్తాయి. లేవనివీ ఉన్నాయి. అబద్ధం చెప్పను."

"ఎంత కోస్తారు?" అన్నాడు దర్జీ.

"అదే చూసుకోవాలి. తక్కువ కోస్తే ఫలితం ఉండదు. ఎక్కువ కోస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

ముప్ఫయ్యేళ్లుగా కత్తెర పట్టిన మనిషికి ఆ భయం విడమరిచి చెప్పక్కర్లేదు. కాగితం మీద సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆపరేషన్ గంటన్నర పట్టింది. భార్యాభర్తలు బయట బల్ల మీద చెరో చివర కూర్చున్నారు.

"మనం నవ్వాం కదండీ," అందామె ఒకసారి.

అతను ఫోను తీసి, ఆ గురకలన్నీ ఒక్కొక్కటే చెరిపేశాడు.

గురకయ్య మత్తులోంచి లేచింది. రెండు రోజులు జావ తాగి, మూడో రోజు చెప్పు కొరికింది. వారం తర్వాత చూపించడానికి తీసుకెళ్తే, డాక్టరమ్మ దాన్ని తూకం మీద నిలబెట్టి పెదవి విరిచింది.

"గాలి బాగానే ఆడుతోంది. ఒళ్లే తగ్గించాలి. బిస్కెట్లు ఎవరు పెడుతున్నారు?"

భార్య మొగుడి వైపు చూసింది. మొగుడు భార్య వైపు చూశాడు.

"ఇద్దరమూనండి," అన్నాడు దర్జీ చివరికి.