ఏడో నంబరు బిళ్ళ

మా పర్యాటకుల ఓడలో ఒక పద్ధతి ఉంది. మెట్ల పక్కన చెక్క పలక, దానికి పన్నెండు మేకులు, మేకుకొక నంబరు బిళ్ళ. ఒడ్డుకు దిగేవాళ్ళు తమ బిళ్ళను ఎర్రవైపుకు తిప్పి దిగాలి, తిరిగొచ్చాక తెల్లవైపుకు తిప్పాలి. ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి. పెళ్ళాం బిళ్ళ మొగుడు తిప్పకూడదు, బిడ్డ బిళ్ళ తల్లి తిప్పకూడదు. పలకమీద ఒక్క ఎరుపు ఉన్నా కెప్టెన్ లంగరు ఎత్తదు. ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల్లో ముప్పై ఏళ్ళుగా కొత్త గైడ్లకు నేను నేర్పే మొదటి పాఠం ఇదే. ఆ రోజు ఏడో నంబరు బిళ్ళను తిప్పిన వేళ్ళు నావే. ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి పడ్డ అవస్థ ఆ ఒక్కరోజుకే చాలు.

ఏడో నంబరు ఆస్లౌగ్‌ది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, నార్వేలోని ఓలెసుండ్‌లో చేపల వలలు బాగుచేసి బతికింది. మొగుడు సిగ్‌బ్యోర్న్ నలభై ఏళ్ళు ఫెర్రీ ఇంజన్ గదిలో పనిచేసినవాడు. రెండో రోజుకే నాకు సంగతి అర్థమైంది. ఆవిడ కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, కాఫీ ఎప్పుడిస్తారని అడిగేది. ప్రయాణపు ఫారంలో ఆవిడ ఆరోగ్యం బాగుందని రాసింది మొగుడే. ఆవిడకు బిళ్ళ సంగతి గుర్తుండదు గనక ఆయన తనది తిప్పుకుని, అటూ ఇటూ చూసి, చటుక్కున ఆవిడది కూడా తిప్పేసేవాడు. నేను చూశాను. చూసి తల పక్కకు తిప్పుకున్నాను. కెప్టెన్ గున్‌వోర్‌కు చెబితే ఆవిడను మళ్ళీ ఒడ్డున కాలు పెట్టనివ్వదు. ఒడ్డున నడిచేటప్పుడు ఆవిడ ముఖం చూసినవాళ్ళెవరూ ఆ మాట చెప్పలేరు. జాలి మంచిదే, కానీ తుపాకీ భుజాన వేసుకుని మనుషులకు కాపలా కాసేవాడికి అది పనికిరాదని ఆ వయసులో గానీ నాకు తెలిసిరాలేదు.

నాలుగో రోజు పొద్దున లీఫ్డే ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయలో లంగరు వేశాం. గున్‌వోర్ కాఫీ ఊదుకుంటూ, "ఏం గురువుగారూ, ఇవాళైనా తెల్ల ఎలుగును చూపిస్తారా, నిన్నట్లా తెల్లరాయి చూపించి సరిపెడతారా?" అంది. నా కూతురి వయసుది, నోరు మాత్రం మా అత్తగారిది. రాయే నయం, మనల్ని తినదు అన్నాను. అందరూ నవ్వారు.

ఒడ్డుకు దిగి రెండు గంటలు నడిచాం. ఫ్యోర్డ్ ముఖద్వారం దగ్గర గాలి తిరిగి, మంచు పలకలు లోపలికి రావడం మొదలెట్టాయి. పదిహేను నిమిషాల్లో అందరూ ఓడెక్కాలని వాకీటాకీలో గున్‌వోర్ గొంతు వినిపించింది. సిగ్‌బ్యోర్న్‌కు మోకాలు నొప్పి, అందుకని మొదటి రబ్బరు పడవలోనే వెళ్ళిపోయాడు. ఆస్లౌగ్ రాళ్ళు ఏరుకుంటానని, రెండో పడవలో వస్తానని అందట. ఆ మాట మొగుడితో అంది, నాతో కాదు. రెండో పడవ దగ్గర నేను లెక్కపెడితే ఒకరు తక్కువ, ఐదుగురే ఉన్నారు. లేనిది ఆస్లౌగ్, మొగుడితో ముందే వెళ్ళిపోయిందనుకున్నాను. ఆవిడ ఎప్పుడూ ఆయన చొక్కా పట్టుకునే తిరుగుతుంది మరి.

ఓడెక్కి పలక చూశాను. పదకొండు తెల్లగా ఉన్నాయి, ఏడో నంబరు ఎర్రగా ఉంది. పాపం మళ్ళీ మరిచిపోయింది, ఈసారి ముసలాయన కూడా మరిచాడు అనుకున్నాను. పైన అందరి ముందూ గున్‌వోర్ పిలిచి అడిగితే ఆయన పరువు పోతుంది. తిప్పేశాను. లంగరు లేచింది.

నలభై నిమిషాల తర్వాత, చేపల సూప్ వడ్డిస్తుంటే, సిగ్‌బ్యోర్న్ కేబిన్‌లోంచి నిద్రముఖంతో వచ్చి ఆస్లౌగ్ ఏదని అడిగాడు. ఓడంతా వెతికాం. స్నానాల గదులు, ఇంజన్ గది, చివరికి వంటవాడి సామాన్ల గది కూడా. గున్‌వోర్ పలక ముందు నిలబడి, ఏడో బిళ్ళ ఎవరు తిప్పారని మెల్లగా అడిగింది. సిగ్‌బ్యోర్న్ ముఖం బూడిదరంగుకు తిరిగింది.

"నేనే అయ్యుంటాను. రెండూ ఎప్పుడూ నేనే తిప్పుతాను."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ముందు ఆవిడను వెతుకుదాం, నిజం ఎక్కడికీ పోదు అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. గైడ్ లైసెన్సు పోతుందని భయం. ఆ భయం ముందు ఒక ఆడమనిషి ప్రాణం కూడా నాకు చిన్నదైపోయిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఓడను వెనక్కి తిప్పాం, కానీ మంచు అడ్డం రావడంతో ఒడ్డుకు దూరంగానే ఆగిపోయింది. నేను తుపాకీ తీసుకుని పడవ దింపాను. పిలిస్తే తన గొంతుకే పలుకుతుందని సిగ్‌బ్యోర్న్ కూడా ఎక్కాడు. పొగమంచు ఫ్యోర్డ్ మీదికి దిగింది. పలకల మధ్య దారి వెతుక్కుంటూ మెల్లగా పోతున్నాం. సగం దారిలో ఆయన నా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"తమ్ముడూ, నీకొక మాట చెప్పాలి. మూడేళ్ళయింది నేను సరిగ్గా నిద్రపోయి. ఆస్లౌగ్ రాత్రిళ్ళు లేచి తలుపు తీసుకుని పోతుంది. ఇవాళ ఓడెక్కి పడుకుంటే ఒళ్ళెరగకుండా నిద్రపట్టేసింది. అది ఒడ్డునుందని నాకు తెలుసు. తెలిసే ఆ బిళ్ళ తిప్పానేమో. అది అక్కడే ఉండిపోతే బాగుండునని నా చెయ్యి అనుకుందేమో."

అప్పుడైనా చెప్పొచ్చు. అది మీ చెయ్యి కాదు పెద్దాయనా, నాది అంటే చాలు. చుక్కాని పట్టుకుని, మంచు వైపే చూస్తూ, పలకలు జాగ్రత్త అన్నాను. నా బతుకులో నేను పలికిన అతి నీచమైన మాట అదే.

ఒడ్డున దిగాం. పొద్దున మేం నడిచిన బురదలో, మా బూటు గుర్తుల మీదే, ఎలుగు పంజా గుర్తులు. ఒక్కొక్కటీ సూప్ పళ్ళెమంత ఉంది. వాటి అంచులు ఇంకా తడిగా ఉన్నాయి. సిగ్‌బ్యోర్న్ కూడా చూశాడు. ఆస్లౌగ్, ఆస్లౌగ్ అని పిలవడం మొదలుపెట్టాడు, ఆ గొంతు పగిలిపోతోంది. పంజా గుర్తులు నీటి అంచు వెంబడి పోయి, ఒకచోట ఆగి, గట్టు వైపు తిరిగి, మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయాయి. అది తిరిగిన చోటుకు ముప్పై అడుగుల దూరంలో, కొట్టుకొచ్చిన దుంగ చాటున, ఆవిడ కూర్చుని ఉంది.

ఒక బూటు విప్పేసింది. ఒళ్ళో గులకరాళ్ళు. పెదవులు నీలంగా ఉన్నాయి, చేతులు వణుకుతున్నాయి. మమ్మల్ని చూసి ముఖం చిట్లించింది.

"ఎంతసేపయ్యా? రెండో పడవకే వస్తానన్నాగా. ఇందాక ఎవరిదో పెద్ద కుక్క వచ్చింది, పలకరిస్తే పలక్కుండా పోయింది."

సిగ్‌బ్యోర్న్ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నిన్ను వదిలేశానే, నేనే వదిలేశానే అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. ఎవరన్నా పోయారా అని నన్నడిగింది. నేను నా కోటు తీసి ఆవిడకు కప్పాను. ఇక నావల్ల కాలేదు.

"బిళ్ళ తిప్పింది మీరు కాదు పెద్దాయనా. నేను. ఓడలో మీరు నేనే అయ్యుంటానన్నప్పుడే నాకు తెలుసు. పడవలో మీరు ఆ మాట చెప్పినప్పుడూ తెలుసు. భయపడి చెప్పలేదు."

ఆయన తలెత్తాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. ఆవిడ పాదాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ అడిగాడు.

"నేను కాకపోతే, నేనని అంత తొందరగా ఎలా నమ్మేశాను తమ్ముడూ?"

వేళ్ళు చలికి వంగకపోయినా, ఆయన ఆవిడకు బూటు తొడిగి, తాడు తానే ముడివేశాడు. నేను సాయానికి వంగితే నా చెయ్యి పక్కకు నెట్టేశాడు.