సీరియల్లో హీరో మోసిన సామాను

ఆ ఇంట్లో ఏ తగువు వచ్చినా తీర్పు చెప్పేది ఒక ఇంగ్లిషు సీరియల్. రెండొందల ఏళ్ల నాటి నవలని ఆరు భాగాలుగా తీశారు. భార్యకి అదంటే ప్రాణం. భర్తకి అది జోలపాట. మొదటి భాగంలో గుర్రబ్బండి గేటు దాటేలోపు గురక మొదలయ్యేది. అందువల్ల కథంతా ఆయన భార్య నోటే విన్నాడు.

ఆమె చెప్పినదాన్నిబట్టి, అందులో హీరో తడి తువ్వాలు మంచమ్మీద పడేయడు. తిన్న కంచం తనే కడుక్కుంటాడు. అత్తగారు వస్తే బజారు పని గుర్తుకు రాదు.

భర్త ఇన్సూరెన్స్ సర్వేయరు. తగలబడిన గోడౌన్లో అసలు సరుకే లేదని బూడిద చూసి చెప్పేస్తాడు. ఇంట్లో మాత్రం ఏ క్లెయిమూ విచారించకుండా పాస్ చేస్తూ వచ్చాడు.

ఈసారిది కాస్త పెద్దది. మరదలు ఇల్లు మారుతోంది.

"ఆదివారం మీరు వెళ్లి సాయం పట్టాలి," అంది భార్య. "మూడో అంతస్తు. లిఫ్టు లేదు. బీరువా ఉంది."

"మీ చెల్లెలి మొగుడున్నాడుగా."

"ఆయనకి నడుం నొప్పి."

"ఎప్పట్నించి?"

"ఇల్లు మారదామనుకున్నప్పట్నించి. సీరియల్లో హీరో మరదలి సామాను తనే మోశాడండీ. పనివాళ్లని కూడా పిలవలేదు."

చాన్నాళ్లకి దొరికిన ఖాళీ ఆదివారం అది. దాన్ని ఆయన పూర్తిగా పడుకోవడానికి కేటాయించుకున్నాడు. అది పోతుందనేసరికి వృత్తి గుర్తొచ్చింది.

శనివారం ఆమె చెల్లెలింట్లో గిన్నెలు సర్దడానికి వెళ్లగానే, సర్వేయరు నిద్ర రాకుండా కుర్చీలో దిండు తీసేసి, ఆరు భాగాలూ చూశాడు. అనుమానం వచ్చిన చోటల్లా ఆపి, టీవీ దగ్గరికెళ్లి చూశాడు. హీరో కంచం కడగలేదు. తన ఇంట్లో వంటిల్లు ఎక్కడుందో అతనికి తెలిసినట్టే లేదు. తువ్వాలు విషయంలో కెమెరా అంత లోపలికి వెళ్లలేదు కాబట్టి అనుమానం కింద వదిలేశాడు. ఇక మోత సంగతికొస్తే, మొత్తమ్మీద హీరో మోసింది టోపీ. అదీ సగం దూరమే. ఐదో భాగంలో మరదలి గొడవేదో వచ్చింది గానీ, అందులో సామాను లేదు కాబట్టి ఈయన పట్టించుకోలేదు.

సాయంత్రం భార్య గుమ్మంలో ఉండగానే చెప్పాడు.

"హీరో ఏమీ మొయ్యలేదు. మొత్తం చూశాను."

ఆమె చెప్పులు విప్పుతూ ఆగింది. "ఐదో భాగం కూడానా?"

"కూడా."

"మరదలికి నిలవ నీడ లేకపోతే ఏం చేశాడు మరి?"

"తన ఇల్లు రాసిచ్చాడు."

"ఇచ్చేసి?"

"అద్దెకి రెండు గదుల్లో చేరాడు."

"మా చెల్లెల్ని నాలుగో భాగం దాటి చూడనివ్వలేదు నేను. మీ మీద జాలేసి, బీరువా దగ్గరికి తగ్గించుకొచ్చాను. ఉన్నదున్నట్టు చెయ్యాలని మీకుంటే ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను. పాపం, వాళ్లకి కొత్తింటి అడ్వాన్సు కూడా మిగులుతుంది."

ఆమె ఫోను తీసింది.

సర్వేయరు ఒకసారి హాలు చూసుకున్నాడు. బాల్కనీ చూసుకున్నాడు.

"పొద్దున ఎన్నింటికి రమ్మన్నారు?" అన్నాడు.

"ఏడింటికి."

"ఆరున్నరకే వెళ్తాలే. ఫ్రిజ్ కూడా ఉందేమో కనుక్కో."