బండి దిగని భూషణం

మా ఆయన భూషణం కొండల మధ్య గనుల ఊరు కిరండూల్‌లో ఇనుపరాయి గూడ్సు రైలు నడిపే డ్రైవరు. ఇంజనులో మరుగుదొడ్డి ఉండదు. జగదల్‌పూర్ దాకా ఏడు గంటలు ఒక్కసారి కూడా కిందికి దిగకుండా వెళ్తాడని లైనంతా పేరు. అందుకోసం డ్యూటీ ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేసేవాడు. మా రైల్వే కాలనీలో ఒక్కో ఇంటికీ ఒక్కో గొప్ప ఉంటుంది. మా ఇంటికి ఇదీ.

ప్రోస్టేట్ క్యాన్సరు వస్తే విశాఖలో రేడియేషన్ ఇప్పించాం. తగ్గిందన్నారు. మూడేళ్లకి రక్తపరీక్షలో ఆ జబ్బు జాడ చెప్పే అంకె మళ్లీ పెరిగింది. గ్రంథిలోంచి ముక్క తీసి చూస్తే క్యాన్సరు అదే చోట మళ్లీ వచ్చిందని తేలింది. ఇంకెక్కడికీ పాకలేదు.

"ఆపరేషన్ చేసి గ్రంథి తీసేస్తే నయమయ్యే అవకాశం ఉంది," అన్నాడు డాక్టరు. "కాకపోతే రేడియేషన్ పడినచోట కండ అంటుకుపోయి ఉంటుంది. తర్వాత మూత్రం ఆగకపోవచ్చు. కొందరికి జీవితాంతం."

"అయితే వద్దండి," అన్నాడు ఈయన, ఎవరో టీ ఇస్తే వద్దన్నట్టు.

కిరండూల్ తిరిగొచ్చేశాం. ఇంటికొచ్చాక ఎందుకు వద్దన్నావని అడిగాను.

"నాలుగు నెలల్లో రిటైర్‌మెంటు. దండేసి, భూషణం బండి దిగనోడని సెప్తారు. అప్పుడు పేంటు తడిస్తే ఏటి సేయాల?"

ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా కడుపులో దాచుకున్న మాట బయటికొచ్చేసింది.

"కొండరాళ్లు పడి దారిలో బండి ఆగిపోయిన రోజు, నీళ్ల బాటిల్ ఒలికిందని తడి పేంటు ఇచ్చినావు. ఉతికింది నానే. నీళ్లకి ఆ వాసనుండదు."

ఆయన గోడమీది క్యాలెండరు వైపు తిరిగాడు.

"మరి అప్పుడే అడగలేదేటి?"

"అడిగి ఏటి సేయాల? ఉతికీసినాను. అన్నం ఎట్టీసినాను. నువ్వు లేకపోతే ఎవలికి ఎడతాను?"

మర్నాడు తనే డాక్టరుకి ఫోన్ చేశాడు.

ఆపరేషన్ అయింది. అంకె సున్నా దగ్గరికి దిగింది. మూత్రం మాత్రం ఆగలేదు.

రిటైర్‌మెంటు సభకి ప్యాడ్ పెట్టుకునే వెళ్లాడు. నలుగురు గంటన్నర మాట్లాడారు. ఏడు గంటలు బండి దిగని మనిషని నలుగురూ చెప్పారు. మెడలో దండతో ఈయన మాట్లాడటానికి లేచేసరికి పేంటు ముందు భాగం తడిసిపోయి ఉంది. ఆయన మైకు పట్టుకుని నావైపు చూశాడు.

"బాటిల్ ఒలికింది," అన్నాడు.

టేబుల్ మీది బాటిల్‌కి సీలు కూడా తీయలేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఉతుకుతాన్లే, మాటాడు," అన్నాను ముందు వరసలోంచి.