చేపల తొట్టి నీళ్లు

ఆ ఏడు జూన్ సగమైనా మర్రిగూడలో వాన పడలేదు. ట్యాంకరు వారానికి ఒక్కసారి వచ్చేది. బోరు నీళ్లు పోస్తే మిరపనారు ఆకుల కొసలు మాడిపోయేవి. అందుకని నా భార్య అండాలు, ట్యాంకరు నీళ్లను చేపల తొట్టిలో నింపి, వారం తర్వాత ఆ పాత నీళ్లను నారుకు పోసేది.

"ఒక్క నీళ్లు రెండు పనులకొస్తయి సారూ" అనేది. ఇంట్లో కూడా నేను సారునే.

జ్వరంతో మూడు రోజులు దవాఖానలో ఉండి చనిపోయింది. చివరి రోజు ఒకటే అడిగింది.

"నారుకు నీళ్లు పోసినవా?"

పోశానన్నాను. పోయలేదు.

కాటి నుంచి తిరిగొచ్చేసరికి తొట్టి వాకిట్లో బోర్లించి ఉంది. గాజుకు అంటిన పాచి ఎండుతోంది. నీళ్లు మోరీలో పడి పోయాయి. రెండు గజాల అవతల నారు తలలు వాల్చేసింది.

"అక్కా, నీళ్లేవి?"

మా అక్క సోమమ్మ చీపురు ఆపింది. "పారబోసిన. పీనుగు లేసిన ఇంట్ల నీళ్లుంచుతరా తమ్మీ? బిందెలు గూడ ఒంపిన."

"చేపల నీళ్లు మనం తాగుతమా?"

"ఏ నీళ్లయితేంది? ముట్టుడు ముట్టుడే."

"మోరీల పోసే బదులు నారుల పొయ్యరాదు?"

"గా నీళ్లతోని కాసిన మిరపకాయ తింటవా? సదువుకున్నోనివి, గంత తెల్వదా?"

ఇరవై ఏళ్లుగా బళ్లో ఏ పిల్లవాడి మీదా గొంతు పెంచలేదు. ఇప్పుడు పెంచితే ఆగదని పళ్లు బిగించాను.

"చేపలు?"

అక్క చెంబు చూపించింది. ఐదింటిలో రెండు కదులుతున్నాయి.

గడప ముందు నా స్నానానికి బకెట్ పెట్టి ఉంది. పక్కింటి అజీజా బేగం తన డ్రమ్ములోంచి ఇచ్చిన ట్యాంకరు నీళ్లు. అవి పోసుకోకుండా నేను లోపలికి పోకూడదు.

తొట్టిని నిలబెట్టి బకెట్ మొత్తం అందులో గుమ్మరించాను. బతికిన రెండు చేపలనూ వదిలాను.

"గదేం పని! తానం?"

"చెయ్య."

"చెయ్యకుంట ఇంట్లకెట్లొస్తవ్?"

"రాను. నువ్వే ఉండు ఇంట్ల. అంతా ఒంపినవ్ గదా, సల్లగ ఉండు."

అక్క ఏడుస్తూ తిట్టింది. చుట్టాలు చూస్తున్నారు. తొట్టిలోంచి రెండు చెంబులు ముంచి, కాటి బూడిద అంటిన చేతులతోనే నారు మొదళ్లలో పోశాను. మన్ను చప్పున పీల్చుకుంది.

"పోసిన అండాలూ" అన్నాను.