చూడవచ్చినవాళ్ళకు మాత్రమే

సుబ్బరత్నం సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్ళు ముట్టదు. అదేదో వ్రతమనుకునేరు! రావులగూడెంలో అంత పెద్ద మండువా లోగిలి ఉండి కూడా అందులో ఒక పాయిఖానా లేకపోవడమే కారణం. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో పెరటి గోడ దాటితే అడవే. ఆడవాళ్ళకు చాటుకు కొదవుండేది కాదు. ఆ అడవిని కాస్తా నరికి కొత్తగూడెం రోడ్డు వేశారు. ఇంట్లో పనిచేసే జంపక్కను తోడు తీసుకుని చీకటి పడ్డాక చెంబుతో పోతే, బొగ్గు లారీ లైట్లు పడ్డ ప్రతిసారీ లేచి నిలబడాలి. వాచిన మోకాళ్ళతో కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం. యాభై దాటిన మనిషికి ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది చెప్పండి.

భర్త వెంకటప్పయ్యకు ఈ గోడు చెవికెక్కదు. కలప కంట్రాక్టులు చేసిన తాత కట్టించిన ఇల్లది. నట్టింటి టేకు స్తంభాన్ని వాటేసుకుంటే చేతులు కలవవు. అటువంటి ఇంటి ఆవరణలో దొడ్డి కడితే లక్ష్మి నిలవదని ఆయన నమ్మకం. తాను మాత్రం పొద్దున్నే సైకిలెక్కి పొలానికి పోయి, మోటారు బావి పక్కన దర్జాగా పని కానిచ్చుకుని వస్తాడు. అందరిదీ కడుపు నిండిన బేరమైతే ఆయనది ఖాళీ అయిన బేరం.

ఆ ఏడు వానల్లో సుబ్బరత్నం రోడ్డు కట్ట మీంచి జారిపడింది. మంచం దిగాక, దొడ్డి కట్టిస్తే తప్ప పొయ్యి వెలిగించనని భీష్మించుకు కూర్చుంది. రెండు పూటలు అటుకులు నమిలేసరికి వెంకటప్పయ్య దిగొచ్చాడు. పెరటి మూల, ఇంటి గోడకు అంటకుండా కట్టుకోమన్నాడు. బండి మీద ఇటుకలు దిగాయి. సుబ్బరత్నం ఆ ఇటుకలకు పసుపు కుంకుమ పెట్టింది.

అదిగో, సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు ఆదినారాయణ అనే టూరిజం ఆఫీసరు. సర్కారు ఖర్చుతో స్పెయిన్ దేశం చూసొచ్చాడట. అక్కడొక చిన్న ఊళ్ళో పాత కోట, పాత చర్చి, పాత ఇళ్ళు అన్నీ కాలినడకనే చూసెయ్యొచ్చట. లోకమంతా ఎగబడి వస్తుందట. రావులగూడెం కూడా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచే ఊరే కదా అని ఆయనకు తట్టింది. నిజమే, బస్సు ఆగని ఊళ్ళో నడవక ఏం చేస్తారు! నిజాం కాలపు ఠాణా చూశాడు, అటవీ బంగళా చూశాడు, చివరికి లోగిలికొచ్చి స్తంభాలు నిమిరి ఇది చారిత్రక కట్టడమని తేల్చాడు. ఇకమీదట ఈ ఆవరణలో ఒక్క మేకు కూడా దిగ్గొట్టకూడదన్నాడు. వెంకటప్పయ్య ఉబ్బితబ్బిబ్బై, ఆ పూటే ఇటుకల్ని బండెక్కించి వెనక్కి పంపేశాడు.

“లోకమంతా మనింటికి వస్తాంటే మధ్యల నీ దొడ్డి గోలేందే?” అన్నాడు భార్యతో.

పెళ్ళినాడు అప్పగింతల్లో కూడా కన్నీళ్ళు పెట్టని సుబ్బరత్నం, కదిలిపోతున్న ఇటుకల బండిని చూసి ఏడ్చింది.

ఎండాకాలానికల్లా సర్కారు మనుషులొచ్చి ముందు వాకిట్లోనే ఒక గది కట్టారు. లోపల తెల్ల పింగాణీ, కుళాయి, గట్టి గొళ్ళెం. యాత్రికుల సౌకర్యం కోసమట. మేకు రూలు సర్కారుకు వర్తించదు కాబోలు. లక్ష్మి కూడా సర్కారు దొడ్డిని చూసి అలిగినట్టు లేదు. చూడవచ్చినవాళ్ళకు ముందు ఇల్లంతా చూపించి, చరిత్ర చెప్పి, ఆ తర్వాత అవసరమైతే గది తెరవమని తాళంచెవి వెంకటప్పయ్యకిచ్చారు. ఆయన దాన్ని మొలతాడుకు కట్టుకుని తన వంశ చరిత్ర బట్టీపట్టాడు. యాత్రికుడు మాత్రం ఒక్కడూ రాలేదు. దారి తప్పి వచ్చిన బీమా ఏజెంటును బలవంతాన తిప్పి చూపించాడు గానీ, పాపం అతనికి అవసరం పడలేదు.

ఆ తాళంచెవి ఇమ్మని సుబ్బరత్నం అడిగి చూసింది, బతిమాలి చూసింది. గవర్నమెంటు సొమ్ము, మనమే రూలు తప్పితే ఎట్లా అన్నాడాయన. నిజాయితీపరుడే, కాదనలేం. ఆ నిజాయితీ అంతా పెళ్ళాం దగ్గరే గుర్తొస్తుంది, అంతే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆమె పట్టుచీర కట్టుకుని పెరటి తలుపులోంచి బయటికి నడిచింది. జంపక్క భుజం పట్టుకుని ఊరు చుట్టి వచ్చి, ముందు గేటు దగ్గర నిలబడింది.

“ఇల్లు చూడనీకి వచ్చినం,” అంది.

అరుగు మీద పేపరు చదువుకుంటున్న వెంకటప్పయ్య మొదట నవ్వాడు, తర్వాత కసురుకున్నాడు. ఆమె కదల్లేదు. నెలల తరబడి చరిత్ర ఆయన గొంతులోనే ఉండిపోయింది. వినేందుకు మనిషంటూ దొరికితే పెళ్ళామైతేనేం! లేచి చూపించడం మొదలుపెట్టాడు. స్తంభాలు మోసిన ఏనుగు గురించి, తాత కొట్టిన పులి గురించి, పండక్కి ఈ మండువాలో వందమంది బంతిలో కూర్చుని తినడం గురించి చెప్పాడు. చెప్పేకొద్దీ ఊపొచ్చి, వచ్చిందెవరో కూడా మరిచిపోయాడు. వంటింటి గడప దగ్గర మాత్రం ఆగకుండా దాటబోయాడు. సుబ్బరత్నం ఆగింది.

“అంతమందికి ఎవరు వండి పెట్టిన్రు?” అని అడిగింది.

“ఎవరో ఆడోళ్ళు. వాళ్ళ పేర్లు ఎవరికి యాదుంటయ్?” అన్నాడు.

అన్నాక ఎదురుగా ఉన్న మొహం చూసి నాలుక కరుచుకున్నాడు. ఆమె చెయ్యి చాపింది. వెంకటప్పయ్య ఎటో చూస్తూ, మొలతాడు ముడి విప్పి తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. సుబ్బరత్నం వాకిట్లోకి నడిచి గది తాళం తీసింది. తన తర్వాత వెళ్ళుదువుగాని ఉండమని జంపక్కకు చెప్పింది.

“ఇంటికి ఎవరో ఆడోళ్ళు వచ్చిన్రని మీ ఆఫీసరుకు చెప్పండి,” అని మొగుడితో అని, తాళంచెవి కొంగున ముడేసుకుని లోపల గొళ్ళెం పెట్టుకుంది.