అయ్యగారి ఊపిరి నాకు తెలుసు

నేను ఒక మైకుని. ఇనుప జాలీ ముఖం, లోపల స్పాంజి ముక్క, వెనక నల్లటి తీగ. రేపల్లె దాటాక, ఉప్పుగాలి తగిలే ఒక పల్లెలోని చర్చికి నన్ను కొనితెచ్చారు. చర్చి కప్పు మీద రెండు హారన్లు. ఒకటి తూర్పు వీధికి, ఒకటి పడమటి వీధికి. నాలో పలికిన మాట ఊరంతా వినాల్సిందే.

ముందే ఒప్పుకుంటాను. నాకు నిజం తెలుసు. తెలిసే అబద్ధం మోశాను.

పాస్టరు ఫిలేమోను అయ్యగారి నోరు నాకు బెత్తెడు దూరం. భార్య చనిపోయిన ఏడాది నుంచి ఆయన ఊపిరిలో లవంగం వాసన మొదలైంది. లవంగం చాటున బ్రాందీ. దేవుడి దగ్గర ఏదీ దాగదని పాడే మనుషులే లవంగం నములుతారు! ఆ నోరు చదివిన వాక్యాన్ని ఎప్పటిలాగే పెద్దది చేసి పంపాను.

ఒక శనివారం వెనక గదిలో, బల్లారాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచే గిన్నెలుండే బీరువాలో సగం తాగిన సీసా దొరికింది. తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకటి అయ్యగారి దగ్గర. రెండోది చర్చి ఊడ్చి, రొట్టె సిద్ధంచేసే దోర్కమ్మ దగ్గర.

"ఇంకెవరిదండీ? ఆవిడదే!" సంఘపెద్ద స్తెఫను తేల్చేశాడు.

అయ్యగారు బీరువాకు తాళమేసి, చెవి జేబులో వేసుకున్నాడు.

మరునాడు నాలోనే చదివాడు: "సహోదరి దోర్కమ్మను మద్యపానం కారణంగా బల్లకు దూరంగా ఉంచుతున్నాం."

రెండు హారన్లూ మోగాయి. రొట్టె, గిన్నె ఆమెను దాటిపోయాయి. పంపు దగ్గర ఆమెకు 'సీసా దోర్కమ్మ' అని పేరుపడింది. ఆమె నడిపే సండేస్కూలుకు పిల్లల్ని పంపడం మానేశారు. ఆమె మాత్రం చర్చి ఊడవడం మానలేదు.

మూడో శనివారం మధ్యాహ్నం అయ్యగారు నా తీగ సరిచేస్తున్నాడు. ఆమె ఊడుస్తోంది.

"అమ్మా, ఆ సీసా నాది. క్షమించు."

"తెలుసండి. ఆ గదిలో రాలిన లవంగాలు ఊడ్చేది నేనేగా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారేమోనని చూశానండి."

"సరేనమ్మా, పెద్దలతో గదిలో మాట్లాడి సర్దేస్తాను."

చీపురు ఆగింది. "నన్ను మైకులో అన్నారు. మీది గదిలో చెప్తారా అయ్యగారూ?"

ఆదివారం ఆయన వేలు నా స్విచ్చి మీంచి రెండుసార్లు జారింది. లవంగం వాసన లేదు. బ్రాందీ లేదు. భయంతో ఆడుతున్న ఊపిరి, అంతే.

"సీసా నాది. దోర్కమ్మ ఏ పాపమూ ఎరగదు. అబద్ధమాడింది నేను. ఇవాళ బల్ల దగ్గర నిలబడే అర్హత నాకు లేదు."

వేదిక దిగి, వెనక చాప మీద కూర్చున్నాడు. స్తెఫను గిన్నె తీసుకెళ్ళి మొదట దోర్కమ్మకే ఇచ్చాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ అంతకు రెండు రోజుల ముందే పడమటి హారను తుప్పుపట్టి మూగబోయింది, ఎవరూ గమనించలేదు. అబద్ధం రెండు వీధులకూ చేరింది. నిజం ఒక్క వీధికే. పడమట ఆమె ఇంకా సీసా దోర్కమ్మే.

ఆ సంగతి అయ్యగారికి తెలిసిన సాయంత్రం కిటికీలోంచి చూశాను. అయ్యగారు పడమటి వీధి మొదటి గుమ్మం ముందు చెప్పుల్లేకుండా నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్కమాట. ఆ సీసా నాది."

తలుపు ధడాలున మూసుకుంది. ఆయన రెండో గుమ్మానికి నడిచాడు.

ఆ అబద్ధాన్ని అన్ని గుమ్మాలకూ ఒక్క నిమిషంలో చేర్చింది నేను. ఇప్పుడు స్టాండు మీద కదలకుండా ఉన్నాను. ఆయన మూడో తలుపు తడుతున్నాడు.