తేలిక చెయ్యి

నానమ్మకు షుగరు. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ వేయాలి. లాండ్రీలో చిరుగులు కుడుతూ రోజంతా సూదీ దారంతోనే బతికే మేనత్తకు, కన్నతల్లి ఒంట్లో సూది గుచ్చాలంటే మాత్రం కళ్లు తిరిగేవి. దాంతో ఆ పని మేనల్లుడి మీద పడింది.

"దూది చెయ్యిరా నీది. చీమ కుట్టినట్టు కూడా లేదు" అని నానమ్మ మురిసిపోయేది. అప్పటి నుంచి ఇంటా బయటా అతని పేరు డాక్టరే. తల్లీ తండ్రీ పోయాక మేనత్తే అతన్ని కన్నకొడుకుతో సమానంగా పెంచింది. ఆ కొడుకు ఇతనికంటే ఏడాది పెద్ద. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగారు.

పెద్దయ్యాక ఇద్దరూ మేనత్త పనిచేసే లాండ్రీలోనే చేరారు. హోటళ్ల నుంచి దుప్పట్లు కుప్పలుగా వచ్చేవి. బావ ఇస్త్రీ మెషీన్ దగ్గర, ఇతను మడతల బల్ల దగ్గర. సాయంత్రానికి నడుములు విరిగేవి. మెషీన్లు బాగుచేసే మెకానిక్ ఒకనాడు ఇద్దరికీ చెరో బిళ్ల ఇచ్చాడు.

"వేసుకోండిరా. నడుమనేది ఒకటుందని కూడా గుర్తుండదు."

నిజంగానే గుర్తులేదు. కొన్నాళ్లకు బిళ్ల చాలలేదు. భోజనం వేళ మేడ మీద, తడి దుప్పట్ల చాటున మత్తుపొడి కాల్చి పీల్చడం మొదలైంది. ఆర్నెల్లకు అదీ చాలలేదు. అప్పుడు మెకానిక్ సూది తెచ్చాడు.

బావ చెయ్యి చాపాడు గాని మొహం పక్కకు తిప్పేసుకున్నాడు. పెదాలు పాలిపోయాయి.

"ఒరేయ్ డాక్టరూ, నువ్వే వెయ్యరా. నానమ్మకి వేస్తావు కదా!"

వద్దనడానికి నోట్లో మాట లేక కాదు. మెకానిక్, మేడ మీదికొచ్చే మరో ఇద్దరు పనివాళ్లూ తనవైపే చూస్తున్నారు. మడతలు పెట్టేవాడికోసం అలా ఎదురుచూసినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. వేశాడు.

"అబ్బ, తెలియనే లేదురా!" అన్నాడు బావ.

మెకానిక్ భుజం తట్టాడు. డాక్టరు ఒళ్లు పొంగిపోయింది. అలా పొంగినందుకే తర్వాత తన మొహం తను చూసుకోలేకపోయాడు.

వారం తిరిగేసరికి నలుగురికి వేస్తున్నాడు. వడ్డించేవాడు ఎన్నాళ్లని పస్తుంటాడు? నెల నిండకుండానే తన ఎడమచెయ్యీ చాపాడు.

వానలు పడుతున్నప్పుడు బావ చెయ్యి వాచి, జ్వరం ముంచుకొచ్చింది. ఆసుపత్రిలో చీము తీశారు. విషం ఒంట్లోకి పాకిందనీ, చెయ్యి దక్కుతుందో లేదో చెప్పలేమనీ అన్నారు. వసారాలో మేనత్త డాక్టరు రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వెప్పుడూ వాడి పక్కనే ఉంటావు కదరా. నా బిడ్డకి మొదటి సూది గుచ్చిన వెధవ ఎవడో చెప్పు. వాడి చేతులు పడిపోను!"

ఆ చేతులు ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి.

"తెలీదత్తా."

ఆవిడ నమ్మింది. పైగా, "పొద్దుట్నుంచీ నువ్వూ ఏం తినలేదు" అంటూ టీ, బన్నూ తెచ్చి పెట్టింది.

మూడోనాడు బావ కళ్లు తెరిచాడు. చెయ్యి దక్కింది గాని రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. "నేనే గుచ్చుకున్నానని అమ్మకి చెప్పేశానులే. నువ్వా మాట కదపకు" అన్నాడు గొంతు తగ్గించి. తిట్టి ఉంటే భరించేవాడే. ఈ మాటకు తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మేనత్త చిరుగులు కుట్టే గదిలోకి వెళ్లి నిలబడ్డాడు.

"అత్తా, బావ అబద్ధం చెప్పాడు. మొదట వేసింది నేనే."

కుడుతున్న చెయ్యి ఆగిపోయింది.

"వాడు... వాడడిగాడా?"

"అడిగాడు. కానీ వేసింది నేను."

"వేసేటప్పుడు భయమెయ్యలేదట్రా నీకు?"

"లేదత్తా. అందరూ మెచ్చుకుంటుంటే సంతోషమేసింది."

మేనత్త లేచి అతని చొక్కా చెయ్యి పైకి లాగింది. మచ్చలన్నీ చూసింది. కొడుతుందేమోనని ఒళ్లు బిగించుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ చొక్కా చెయ్యి మళ్లీ కిందికి దింపి, మణికట్టు దగ్గర గుండీ పెట్టింది.

"రేపట్నుంచి మా అమ్మ జోలికి రాకు. ఇన్సులిన్ నేనే వేస్తా."

మర్నాడు పొద్దున్నే గదిలోంచి నానమ్మ "అమ్మో!" అని కేక పెట్టింది. "డాక్టరేడే?" అని అడిగింది. గుమ్మం అవతల అతను గోడకు ఆనుకుని అన్నీ విన్నాడు.

తర్వాత ఆవిడ చెప్పులేసుకుని, "నడు" అంది. ఈ అలవాటు మాన్పించే ఆసుపత్రి దాకా నాలుగడుగులు ముందే నడిచింది. అక్కడ బెంచీ మీద ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి కూర్చుంది. అతను నేల చూపులు చూస్తూనే ఉన్నాడు.

చీటీ రాసే అమ్మాయి తలెత్తి, "మీరేమవుతారండీ?" అంది.

మేనత్త కొంగు సర్దుకుంది. అమ్మాయి మళ్లీ అడగబోయింది.

"మేనత్తని. నేనే పెంచాను" అంది ఆవిడ, అతనివైపు చూడకుండానే.